మా ఫోటోలు తీసి ఏం చేసుకుంటావమ్మా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది విజయవాడ సత్యనారాయణపురం. వయసు 41. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. మా మరిది అమెరికా వెళ్తూ తన పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా నాకిచ్చి వెళ్ళాడు. యూట్యూబ్‌లో చూసి కొంత నేర్చుకున్నాను. ఆదివారం పొద్దున్నే కాళేశ్వరరావు మార్కెట్‌కో, బీసెంట్ రోడ్డుకో వెళ్ళి ఫోటోలు తీస్తున్నాను. ఇంట్లో పెద్దగా అభ్యంతరాల్లేవు గానీ, మా అత్తగారు మాత్రం "పనీపాటా లేనోళ్ళలా రోడ్ల మీద నిలబడ్డమేంటమ్మా" అంటారు. అసలు ఇబ్బంది అది కాదు. మనుషులకు ఎదురుగా కెమెరా ఎత్తాలంటే నాకు చేతులు రావు. అందుకే నా ఫోటోల నిండా వీపులే. పోయిన నెల ఆకుకూరలమ్మే ఒకావిడ నన్ను చూసి, "మా ఫోటోలు తీసి ఏం చేసుకుంటావమ్మా?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. నా దగ్గర జవాబు లేక వచ్చేశాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే పది లైకులు దాటవు, అవీ చుట్టాలవే. అక్కడ మిగతావాళ్ళ ఫోటోలు చూస్తుంటే నాలో క్రియేటివిటీ లేదేమోనని టెన్షన్. నలభై దాటాక ఇదంతా అవసరమా? మానేయనా?
– పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ అత్తగారి మాట, ఆకుకూరలావిడ మాట వేరువేరుగా రాశారు గానీ, నాకు రెండూ ఒకటే అనిపించాయి. ఇద్దరూ అడుగుతున్నది "ఇక్కడ నీకేం పని?" అనే. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన బజార్లలో పని లేకుండా నిలబడే హక్కు ఎవరికుందో ఒకసారి గమనించండి. మగవాడు టీ బంకు దగ్గర గంటసేపు నిలబడి వచ్చేపోయే బండ్లను లెక్కపెట్టినా ఎవరూ పట్టించుకోరు. ఆడవాళ్ళు నిలబడాలంటే చేతిలో సంచి ఉండాలి, లేదా చంకలో పిల్లాడుండాలి, అదీ కాకపోతే ఎదురుగా బస్టాపైనా ఉండాలి. ఇవేవీ లేకుండా మీరు మార్కెట్ మధ్యలో నిలబడ్డారు. ఆ ఇబ్బంది మీకు తెలుస్తూనే ఉంది. అందుకే కెమెరాను అడ్డం పెట్టుకుని, గబగబా నాలుగు నొక్కి, ఎవరైనా తలతిప్పేలోగా పక్క సందులోకి జారుకుంటున్నారు. వీపులు రాక మొహాలెలా వస్తాయి?

కాబట్టి మీ ఫోటోలు బాగా రాకపోవడానికీ క్రియేటివిటీకీ సంబంధం లేదు. మీకు ఊరికే నిలబడడం ఇంకా రాలేదు, అంతే. అకౌంట్స్ చూసే మనిషి, ఇల్లు నడిపే మనిషి, పొద్దున లేచిన దగ్గర్నుంచి చేతిలో ఏదో ఒకటి లేకుండా నిమిషం గడపని మనిషి. అలాంటి మీకు ఇది చేతనవడమే కష్టం. కెమెరా నొక్కడం దాని తర్వాత సంగతి.

ఈ విషయంలో మీకంటే ముందు నడిచిన ఆడవాళ్ళు ఇద్దరు గుర్తొస్తున్నారు. ఒకరు వివియన్ మేయర్. అమెరికాలో, ఎక్కువకాలం షికాగోలో, డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికింది. పిల్లల్ని షికారుకు తీసుకెళ్ళడమే ఆవిడకు వీధిలో ఉన్న పని. ఆ పని చేసుకుంటూనే లక్షకు పైగా ఫోటోలు తీసింది. ఎక్కువగా వాడింది రోలీఫ్లెక్స్ కెమెరా. దాన్ని కంటి దగ్గర పెట్టుకోరు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి చూసుకుంటారు. అందువల్ల ఎదుటి మనిషికి, ఆవిడ మొహానికి మధ్య యంత్రం అడ్డం లేదు. 2007లో అద్దె కట్టలేకపోయిన గోదాములోని ఆవిడ సామాను వేలం వేస్తే నెగిటివ్‌లు బయటపడ్డాయి. 2009లో ఆవిడ చనిపోయింది. పేరు వచ్చిందంతా ఆ తర్వాతే. మీరూ ఎవరికీ చూపించకుండా పెట్టెల్లో దాచుకోమని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ గుప్తసాధన కథ చెప్పి మురిసిపోయేవాళ్ళను చూస్తే నాకు చిరాకు. చివరి రోజుల్లో ఆవిడకు డబ్బు ఇబ్బంది ఉంది, అందులో మురిసిపోయేదేముంది? నేను చెప్పేది ఆ పిల్లల గురించి. వీధిలో ఆవిడకో పనుంది, ఆ పని ఆవిడను వీధికి పరిచయం చేసింది.

రెండోవారు మనావిడే, హోమాయ్ వ్యారవాలా. మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్‌గా పేరున్న మనిషి. చీర కట్టుకుని, బరువైన కెమెరా మోసుకుంటూ ఢిల్లీలో మగ ఫోటోగ్రాఫర్ల మధ్య తిరిగారు. ఆడమనిషేగా అని ఆవిడను ఎవరూ పెద్దగా లెక్కచేయకపోవడమే ఆవిడకు చాలాచోట్ల తలుపులు తెరిచింది. మీకూ ఆ సౌకర్యం ఉంది. ఆకుకూరలావిడ మిమ్మల్ని "ఏం చేసుకుంటావమ్మా" అని అడిగింది. అదే నేనైతే, గడ్డం పెంచుకుని మెడలో రెండు కెమెరాలు వేసుకుని వెళ్ళే మగవాణ్ణి, నన్ను అడగదు. మొహం తిప్పుకుంటుంది, లేదా పక్కవాణ్ణి పిలుస్తుంది. మీతో ఆవిడ మాట కలిపింది. మీరేమో వచ్చేశారు!

ఇక ఏం చేయాలో చెప్తాను. కొన్నాళ్ళు ఆ ఆదివారం మార్కెట్ యాత్ర ఆపండి. వారానికోసారి వెళ్ళి గంటలో రెండొందల ఫోటోలు తీసుకురావడం పుష్కరాలకు వెళ్ళి మూడు మునకలేసి వచ్చినట్టే, ఊరు చూసినట్టు కాదు. మీ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక చోటు చూసుకోండి. సత్యనారాయణపురం లాంటి పాత పేటలో వీధికొక ఇస్త్రీ బండైనా ఉంటుంది, అది చాలు. బట్టలు ఇచ్చే పని, తీసుకునే పని మీకు ఎలాగూ ఉంటుంది.

ఇస్త్రీ బండి ఎందుకంటున్నానో చెప్పాలి. మా వీధి చివర వేపచెట్టు కింద మొగుడూ పెళ్ళాం ఒక బండి నడుపుతారు. ఇప్పటికీ బొగ్గుల పెట్టే. పొద్దున ఆయన అట్టముక్కతో విసురుతుంటే పెట్టె పక్క కంతల్లోంచి రవ్వలు లేస్తాయి. పెట్టె వేడెక్కాక దాని అడుగును తడిగుడ్డ మీద ఒకసారి రాస్తాడు, చుయ్‌మంటుంది. మూతకు కంతలు పెట్టిన నీళ్ళ బాటిల్‌తో చిలకరించి, ముందు కాలరు, తర్వాత చేతులు, ఆఖర్న వీపు. ఇవన్నీ ఎవరైనా తీసే ఫోటోలే, తీశారు కూడా. కానీ గంజిపెట్టిన కాటన్ చీరలు వచ్చిన రోజున ఇంకోటి జరుగుతుంది. ఇస్త్రీ అయ్యాక చీర మడతపెట్టడానికి ఆవిడ ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకుని వెనక్కి నడుస్తారు. చీర సగం రోడ్డుకు అడ్డంగా సాగుతుంది. స్కూటర్లవాళ్ళు ఆగిపోతారు, హారన్ కూడా కొట్టరు. తూర్పు ఎండ చీరలోంచి దూరి వచ్చి ఆవిడ మొహం మీద అంచు రంగు పడుతుంది. ఒక జరీ అంచు చీరకు ఆయన గడ్డం కింద పసుపు గీత పడడం నేను చూశాను. ఇద్దరూ ఒకరివైపు ఒకరు నడిచి, కొసలు కలిపి, ఆయన చేతిలోంచి ఆవిడ చేతిలోకి మడత మారిపోతుంది. ఇదంతా అయిదారు సెకన్ల పని. ఆవిడ చెంగుకు చేతులు తుడుచుకుంటే చీర మడత వస్తోందని అర్థం. ఈ సంగతి వీధిలో మొదటిరోజు నిలబడ్డవాడికి తెలియదు. ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా తెలియదు.

మీరు క్రియేటివిటీ అంటున్నదాంట్లో ముప్పావు వంతు ఈ తెలియడమే. మిగతా పావు వంతు గురించి నాకు పెద్దగా దిగుల్లేదు, అది వచ్చేవాళ్ళకు వస్తుంది.

వీధి ఫోటో అనగానే అందరూ హెన్రీ కార్టియర్ బ్రెసాన్ పేరు చెప్తారు. 1932లో పారిస్‌లో సెయింట్ లాజరే స్టేషన్ వెనక ఒకాయన నీళ్ళమడుగు దాటుతూ గాల్లో ఉన్న ఫోటో మీరూ చూసే ఉంటారు. గొప్ప ఫోటోనే. దాని వల్ల మనవాళ్ళకు జరిగిన నష్టం కూడా గొప్పదే. అదృష్టముంటే అలాంటి క్షణం ఎదురొస్తుందని, వేటకు వెళ్ళినట్టు వెళ్తున్నారు. నాకు వేటగాళ్ళ కంటే న్యూయార్క్‌లోని సాల్ లీటర్ ఇష్టం. 1950ల మొదట్లో ఈస్ట్ విలేజ్ అనే పేటలో చేరి, 2013లో చనిపోయేదాకా ఆ పేటలోనే ఉన్నాడు. తన ఇంటి చుట్టుపక్కల వీధులనే తీశాడు. ఆవిరి పట్టిన కిటికీ అద్దాలు, గొడుగులు, మంచులో ఎర్ర లైటు. ఆయన రంగుల ఫోటోలు పుస్తకంగా వచ్చి లోకం గుర్తుపట్టేసరికి 2006. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. మీకు నలభై ఒకటే.

రంగులంటే గుర్తొచ్చింది. మీరు ఫోటోలన్నిటినీ బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చేస్తున్నారేమో, నాకు అనుమానం. కొత్తవాళ్ళందరూ చేసే పనే అది. ముసలివాళ్ళ ముడతలు నలుపు తెలుపుల్లో చూపిస్తే ఆర్ట్ అయిపోతుందని ఒక నమ్మకం. జైపూర్‌లో పుట్టిన రఘుబీర్ సింగ్ జీవితమంతా మన వీధుల్ని రంగుల్లోనే తీశారు. రంగు లేకుండా ఈ దేశాన్ని చూడడమేంటన్నది ఆయన వాదన. ఆకుకూరల బుట్ట పక్కన కూర్చున్నావిడను నలుపు తెలుపు చేస్తే గోంగూర కాడల ఎరుపు పోతుంది, ఆవిడ చిల్లర డబ్బా మూత పసుపు పోతుంది, మిగిలేది దరిద్రం ఒక్కటే. మీరు చూసింది దరిద్రం కాదు కదా.

కెమెరా సంగతి తొందరగా చెప్పేస్తాను. పాత డీఎస్ఎల్ఆర్ అంటే బహుశా 18–55 లెన్స్ ఉంటుంది. దాన్ని 24 గుర్తు దగ్గర పెట్టి సెల్లోటేప్ చుట్టేయండి, జూమ్ అనేది మర్చిపోండి. మోడ్ డయల్‌ను ఏ (కొన్ని కెమెరాల్లో ఏవీ) మీద పెట్టి, వెలుతురు వచ్చే కంత సైజు ఎఫ్/8, వెలుతురును పట్టే శక్తి ఐఎస్‌వో 400 ఉంచండి. పొద్దుటి ఎండకు షట్టర్ స్పీడు సరిపోతుంది, నీడలో అది 250కి (సెకనులో 250వ వంతుకు) తగ్గితే ఐఎస్‌వో పెంచండి. మీకు ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న కరెంటు స్తంభం మీద ఒకసారి ఫోకస్ చేసి, లెన్స్ పక్క బటన్‌ను ఎంఎఫ్‌కి, అంటే మాన్యువల్ ఫోకస్‌కి జరపండి. ఇక అయిదడుగుల నుంచి పాతిక అడుగుల దాకా ఉన్నవన్నీ దాదాపు స్పష్టంగా వస్తాయి. ఫోకస్ కోసం కెమెరా కీచుకీచుమంటూ వెతుక్కునే గొడవ ఉండదు. మీ చేతులు రాకపోవడానికి ఆ ఆలస్యం కూడా ఒక కారణమే. ఎంతసేపు కెమెరా మొహానికి ఉంటే అంతమంది చూస్తారు.

మొదటి కొన్నాళ్ళు కెమెరా భుజానికి వేలాడాలి గానీ పైకి లేవకూడదు. బట్టలివ్వండి, నిలబడండి, మాట్లాడండి. "ఏంటమ్మా అది, కెమెరానా?" అని వాళ్ళే అడుగుతారు. అడిగినప్పుడు నిజం చెప్పండి: ఫోటోలు నేర్చుకుంటున్నాను, మీరు చీర మడతపెట్టడం బాగుంది, తీయచ్చా? తీయచ్చంటే ఆ రోజు వాళ్ళు చొక్కా సర్దుకుని, అటెన్షన్‌లో నిలబడతారు. అలాగే తీయండి. అది వాళ్ళ ఫోటో. మర్నాటికి వాళ్ళకు మీ కెమెరా మీద ఆసక్తి పోతుంది. అప్పుడు తీసేవి మీ ఫోటోలు. అడిగి తీస్తే సహజత్వం పోతుందని యూట్యూబ్ గురువులు చెప్తారు, నిజమే. ఒక రోజుకే పోతుంది.

ఆకుకూరలావిడకు జవాబు కావాలన్నారు. మాటలతో చెప్పే జవాబేదీ ఆవిడకు నచ్చదు. "మీ జీవితాన్ని డాక్యుమెంట్ చేస్తున్నానండీ" అంటే నవ్వుతుంది, నవ్వాలి కూడా. ఆవిడ ఫోటో ఏదైనా, వీపుదైనా సరే, స్టూడియోలో ప్రింట్ వేయించి తీసుకెళ్ళి ఇవ్వండి. పోస్టుకార్డు సైజు ప్రింట్‌కు రెండు కాఫీల ఖర్చు కూడా కాదు. రెండు కట్టల తోటకూర కొనుక్కుని రండి. మన దగ్గర చాలామంది పెద్దవాళ్ళకు ఉన్న ఫోటోలు ఆధార్ కార్డు మీద, రేషన్ కార్డు మీద ఉన్నవే. తన పని చేసుకుంటున్న తన ఫోటో ఆవిడ చూసుకుని ఉండకపోవచ్చు. ఫోటోలు ఏం చేసుకుంటావని ఆవిడ అడిగింది. ఆ ఫోటోను తను ఏం చేసుకుంటుందో చూడండి. బుట్టలో పెట్టుకుంటుందో, పక్క కొట్టువాడికి చూపించి మురిసిపోతుందో, "నల్లగా వచ్చాను, ఇంకోటి తీయి" అంటుందో. మూడోది అంటే మీ పని అయినట్టే.

వద్దంటే వద్దు. తీసేశాక వద్దన్నా వాళ్ళ ఎదుటే డిలీట్ చేసి చూపించండి, వాదన పెట్టుకోకండి. పబ్లిక్ ప్లేస్‌లో తీసే హక్కు నాకుందని గొడవపడే ఫోటోగ్రాఫర్లను చూశాను, వాళ్ళ ఫోటోల్లో కూడా ఆ గొడవే కనిపిస్తుంది. కృష్ణ ఘాట్ల మీద స్నానాలు చేసేవాళ్ళు, పేవ్‌మెంట్ మీద నిద్రపోయేవాళ్ళు, తాగి పడిపోయినవాళ్ళు – వీళ్ళు అడిగితే వద్దనగలిగే స్థితిలో లేరు కాబట్టి తీయకండి. పిల్లల్ని తీస్తే అమ్మానాన్నలకు చెప్పి తీయండి, ఇన్‌స్టాలో మాత్రం పెట్టకండి. ఈ విషయంలో నేను కొంచెం పాతకాలపు మనిషినే, ఉండనివ్వండి.

ఇన్‌స్టా గురించి. లైకులు రాకపోవడం మీ అదృష్టం అని నేను అనను, అందరికీ మెచ్చుకోలు కావాలి, నాకూ కావాలి. కానీ ఈ రోజు తీసింది ఈ రోజే పెట్టకండి. న్యూయార్క్ వీధుల్ని తీసిన గ్యారీ వినోగ్రాండ్ ఫిల్మ్‌ను కావాలనే చాలాకాలం కడగకుండా ఉంచేవాడు. తీసినప్పటి ఉత్సాహం చల్లారాక చూస్తేనే ఏది ఫోటోనో ఏది జ్ఞాపకమో తెలుస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మంచిదే గానీ, చివరికి అది ఆయన చేయి కూడా దాటిపోయింది. 1984లో 56 ఏళ్ళకే పోయేనాటికి కడగని రోల్స్ 2,500 దాకా మిగిలాయి. చూడ్డం మానేసి నొక్కడమే మిగిలిపోతే అలా అవుతుంది. ఫిల్మ్ ఖర్చు ఉన్న రోజుల్లోనే అలా అయిందంటే, మన మెమరీ కార్డుల సంగతి చెప్పక్కర్లేదు. మీరు నెలాఖరున పద్దులు సరిచూస్తారు కదా, అలాగే నెలకోసారి ఫోటోలు ముందేసుకుని కూర్చోండి. నాలుగైదు ఉంచి మిగతావి తీసేయండి. కావాలంటే ఆ ఉంచినవి ఇన్‌స్టాలో పెట్టుకోండి. చుట్టాల లైకులను అంత తేలిగ్గా తీసేయకండి, మీ ఫోటోలు నిజంగా ఆగి చూసేది వాళ్ళే.

ఇక నలభై దాటాక ఇది అవసరమా అన్నారు. అవసరం కాదు. అన్నం కాదు, జీతం కాదు, దీని వల్ల ప్రమోషన్ రాదు. కానీ రోజుకు అరగంట మీరు ఎవరికీ కోడలుగా, అమ్మగా, అకౌంటెంట్‌గా కాకుండా ఒక చెట్టు కింద నిలబడతారు. అక్కడ జరుగుతున్నదాంట్లో మీరు సరిచేయాల్సింది ఏమీ ఉండదు. లెక్క కుదరకపోతే దిద్దాల్సిన పని లేదు, కూర మాడిపోతే మాట పడాల్సిన పని లేదు. చూస్తే చాలు. మొదట్లో ఇది చాలా విసుగ్గా ఉంటుంది, ఫోన్ తీయాలనిపిస్తుంది. కొన్నాళ్ళకు ఆఫీసులో కూడా మార్పు తెలుస్తుంది. పక్క సీటావిడ పొద్దున్నుంచి మాట్లాడటం లేదని, బాసు కళ్ళజోడు తీసి తుడుస్తున్నాడంటే కాదనబోతున్నాడని, ఇలాంటివి ముందే కనిపించడం మొదలవుతుంది. ఫోటోలు బాగా వచ్చినా రాకపోయినా ఈ లాభం మాత్రం మీదే.

మానేయడం తప్పని కూడా అనను. హోమాయ్ వ్యారవాలా అంత పేరున్నప్పుడే, 1970లో, కెమెరా పక్కన పెట్టేశారు. కొత్తగా వచ్చిన ఫోటోగ్రాఫర్ల పద్ధతులు నచ్చక, ఇక చాలనుకున్నారు. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా బతికారు, 2011లో పద్మవిభూషణ్ కూడా తీసుకున్నారు. మీరూ నచ్చకపోతే మానేయండి. చేతకాక మానేయకండి. ఈ రెండింట్లో ఏదో తేలాలంటే ఆ ఇస్త్రీ బండి దగ్గర ఒక కార్తీకం నుంచి ఇంకో కార్తీకం దాకా నిలబడి చూడాలి. తేలిగ్గా తేలదు.

మీ అత్తగారితో మాత్రం వాదించకండి. ఒకరోజు ఇస్త్రీకి వేసే చీరల్లో ఆవిడ గంజి చీర కూడా వేసి, ఆవిడనే తోడు తీసుకెళ్ళండి. పెద్దావిడ పక్కన ఉంటే వీధిలో మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు, పైగా బండివాళ్ళతో ఆవిడకే ముందు స్నేహం కుదురుతుంది.

చివరగా, మీరు అడగనిది ఒకటి. కృష్ణ పక్కనున్న ఊరు, వానాకాలం తేమకు లెన్స్‌లో బూజు పడుతుంది, పడితే శుభ్రం చేయించడానికి బాగానే ఖర్చవుతుంది. కెమెరాను బ్యాగులో వేసి బీరువాలో పెట్టేయకండి. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. రంగు మారే రకం కొనండి. రంగు మారితే గింజలను మూకుట్లో సన్నని సెగ మీద వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. ఆ మూకుడు మాత్రం వంటకు వాడకండి.